ఆలస్యం ఎవరిది?



పోయిన నెల మేము పెట్టిన రెండు పాటలు విని చాలామంది ఫోన్ చేశారు. ఆ గొంతు ఎవరిదని కొందరు అడిగారు. ఇంకొందరు, "ఇంతకు ముందు పాటల్లో గొంతు వెనకబడేది, ఇప్పుడు తాళానికి సరిగ్గా కూర్చుంది, ఏం చేశారు?" అని అడిగారు. చేసింది ఒక్కటే, కొలిచాం. ఏం కొలిచామో, ఎలా కొలిచామో, కొలిచాక ఏం తేలిందో ఈ వారం వివరంగా రాస్తున్నాం. పాటలు రికార్డు చేసుకునే ఇతర సంఘాల తమ్ముళ్లకు ఇది పనికొస్తుంది. పాట జోలికి పోనివాళ్లకు కూడా ఇందులో ఒక మాట ఉంది.

మన సంఘంలో పాట ఎత్తుకునే అక్క ఒకరున్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మల్బరీ తోటలో ఆకు కోయడం ఆమె పని. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాటలు ఎన్నో పుస్తకం ముట్టకుండా పాడతారు. కరెంటు లేని రాత్రుల్లో, కీబోర్డు మూగబోయినప్పుడు, ఆమె గొంతు పట్టుకునే మందిరమంతా పాడేది. కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలోని స్టూడియో వాళ్లు ఒక ఆల్బంలో పాట పాడమని ఆమెను పిలిచారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దాల గదిలో నిలబెట్టి పాడించారు. గంటన్నర అయ్యాక, "అమ్మా, మీకు తాళం నిలవడం లేదు, ప్రతి చరణంలోనూ వెనకబడుతున్నారు" అని చెప్పి పంపేశారు. ఆ పాట ఇంకొకరితో పాడించుకున్నారు.

ఆమె తిరిగొచ్చి ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత పాట ఎత్తడం మానేశారు. ఆదివారం రెండో వరసలో కూర్చొని పెదాలు కదిపేవారు, అంతే. "పాడక్కా" అంటే, "నాకు తాళం లేదంట గదా అయ్యగారూ" అనేవారు. ముప్పై ఏళ్లు మందిరాన్ని పాడించిన మనిషి, గంటన్నరలో విన్న ఒక్క మాటతో మౌనంగా అయిపోయారు. కాబట్టి ఇకమీద రాసేదంతా యంత్రాల సంగతిలా కనబడినా, దాని వెనక ఒక మనిషి గొంతు ఉందని గుర్తుంచుకొని చదవండి.

మందిరం పక్కనున్న చిన్న గదిలో మేము పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టి ఏడాది దాటింది. గోడలకు పాత బొంతలు కట్టాం. ఒక సహోదరుడు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, రెండు మైకులు పట్టే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ముందు కీబోర్డు రికార్డు చేస్తాం. దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ తబలా వాయిస్తారు. ఆ రెండూ వింటూ గొంతు పాడతారు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడాన్ని ఓవర్‌డబ్ అంటారు.

పేర్చేకొద్దీ పాట వదులవుతోందని మొదట పట్టుకున్నది మన తబలా తమ్ముడే. "అయ్యగారూ, వాయించేటప్పుడు సరిగ్గానే ఉంటుంది, మళ్లీ పెట్టి వింటే వెనక ఉంటుంది" అన్నాడు. అప్పుడు యౌవనస్థులు ఒక చిన్న పరీక్ష పెట్టారు. టక్ టక్ మని తాళం వేసే క్లిక్కు వింటూ ఇరవై చప్పట్లు కొట్టి రికార్డు చేశారు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఇరవై చప్పట్లూ క్లిక్కు వెనకే పడ్డాయి. అవి వెనకబడ్డాయన్నది కాదు అసలు విశేషం, ఇరవై చప్పట్లూ దాదాపు ఒకే ఎడంతో వెనకబడ్డాయి.

అక్కడే అసలు ఆధారం దొరికింది. మనిషి చేతికి అంత నిలకడ ఉండదు. ఎంత గట్టి వాయిద్యకారుడైనా ఒక దెబ్బ కొంచెం ముందు, ఒక దెబ్బ కొంచెం వెనక వేస్తాడు. మనిషి చేసే ఆలస్యం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే కొలతతో ఆలస్యమయ్యేది యంత్రం మాత్రమే. కాబట్టి చేతిని తప్పు పట్టే ముందు పెట్టెను కొలవాలని అనుకున్నాం.

శబ్దం ఆలస్యంగా రావడం మనకు కొత్త కాదు. దూరంగా బండ మీద రాళ్లు కొట్టేవాళ్లను చూసినవాళ్లకు తెలుసు, సుత్తి పడడం ముందు కనబడుతుంది, చప్పుడు తర్వాత వినబడుతుంది. గాలిలో శబ్దం 20 డిగ్రీల వేడి దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మన ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల్లో అయితే సుమారు 355 మీటర్లు. సెకనులో వెయ్యోవంతును మిల్లీసెకను అంటారు. ఒక్క మిల్లీసెకనులో శబ్దం నడిచే దూరం జానెడున్నర. ముందున్న స్పీకరుకు 12 మీటర్ల దూరంలో, వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మకు పాట 35 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆమె చప్పట్లు ముందు వరసకు చేరడానికి మళ్లీ అంత సమయం పడుతుంది. వెనకవాళ్లు తాళం లాగుతున్నారని ముందువాళ్లు అనుకోవడానికి ఈ దూరమే చాలు.

మిల్లీసెకన్లు అంత చిన్న లెక్కలు కదా, వాటితో ఏం పని అని అడిగారు ఒకరు. మనం వానను మిల్లీమీటర్లలో లెక్కపెట్టే ప్రాంతంవాళ్లం. ఐదు మిల్లీమీటర్లు పడితే దుమ్ము అణుగుతుందని, పాతిక దాటి పడితేనే విత్తడానికి పదును అవుతుందని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్న కొలతల మీద ఏడాది బతుకు ఆధారపడి ఉంటుందని ఈ మెట్ట నేల మనకు ఎప్పుడో నేర్పింది.

ఇక కంప్యూటర్ లోపల ఆలస్యం ఎలా పుడుతుందో చూద్దాం. మైకులోంచి వచ్చే గొంతును ఇంటర్‌ఫేస్ సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. ఒక శాంపిల్ నుంచి ఇంకో శాంపిల్‌కు మధ్య శబ్దం గాలిలో ఏడు మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. అంత సన్నని కొలత అది. అయితే కంప్యూటర్ ఆ శాంపిళ్లను ఒక్కొక్కటిగా మోయలేదు. వీధి కొళాయి దగ్గర బిందె నిండేదాకా ఆగి ఇంటికి మోసుకెళ్లినట్టు, కొన్ని పోగయ్యాకే తీసుకెళుతుంది. ఆ బిందెనే బఫర్ అంటారు. 1,024 శాంపిళ్ల బిందె నిండడానికి 21 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. 128 శాంపిళ్ల చెంబు నిండడానికి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. మరి ఎప్పుడూ చెంబే వాడొచ్చు కదా అంటే, చెంబుతో మోసేవాడు ఎక్కువసార్లు పరుగెత్తాలి. పాత ల్యాప్‌టాప్ ఆ పరుగుకు అలిసిపోయి, పాట మధ్యలో పటపటమని చిట్లిన శబ్దాలు వస్తాయి.

లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె. వీటికి తోడు గొంతును అంకెలుగా, అంకెలను మళ్లీ శబ్దంగా మార్చడానికి కొంత, యూఎస్‌బీ తీగకు కొంత, డ్రైవర్ తన జాగ్రత్త కోసం దాచుకునేది కొంత. గొంతు లోపలికి పోయి మళ్లీ చెవికి చేరేదాకా పట్టే ఈ మొత్తం కాలాన్ని రౌండ్ ట్రిప్ లేటెన్సీ అంటారు. అంటే రానుపోను ఆలస్యం. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో ఏఎస్ఐఓ అనే డ్రైవర్ పద్ధతి తెచ్చింది ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే. విండోస్ మామూలు దారిలో కాకుండా సాఫ్ట్‌వేర్‌కు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య అది అడ్డదారి వేస్తుంది. మాకు వచ్చిన ల్యాప్‌టాప్ మామూలు డ్రైవర్ మీదే పెట్టి ఉంది.

కొలిచే పద్ధతి చెబుతాం. మన పెద్దలు బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలియాలంటే రాయి వేసి చెవి పెట్టేవారు. నూరడుగుల కింద నీళ్లుంటే రాయి పడడానికి దాదాపు రెండున్నర సెకన్లు, ఆ చప్పుడు పైకి రావడానికి సెకనులో పదోవంతు లోపు. మేము చేసిందీ అదే పని. ఒక చప్పుడు లోపలికి వేసి, అది తిరిగొచ్చేదాకా లెక్కపెట్టాం.

ముందుగా ఒక చిన్న కేబుల్ తీసుకొని ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలపాలి. మైకు అక్కర్లేదు, స్పీకర్ అక్కర్లేదు, మనిషి అసలే అక్కర్లేదు. డైరెక్ట్ మానిటర్ మీటను ఆపాలి, రికార్డు చేసే ట్రాకులో మానిటరింగ్ కూడా ఆపాలి. లేకపోతే వచ్చిన శబ్దమే మళ్లీ పోయి కూత పెడుతుంది. 48 వోల్టుల మీట ఆపాలి. హెడ్‌ఫోన్లు చెవుల నుంచి తీసేయాలి. తర్వాత ఒక ట్రాకులో చిటిక లాంటి పొట్టి శబ్దాన్ని సరిగ్గా సెకను గీత మీద పెట్టాలి. దాన్ని ప్లే చేస్తూ రెండో ట్రాకులో రికార్డు చేయాలి. చివరగా స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి, పంపిన చిటిక మొదలుకు, తిరిగొచ్చిన చిటిక మొదలుకు మధ్య ఎన్ని శాంపిళ్లు ఉన్నాయో చూడాలి. 48,000 వేగంలో ఆ అంకెను 48తో భాగిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. ఒక్కసారి కాదు, పదిసార్లు చేయాలి. రీపర్‌లో రీఇన్‌సర్ట్ అనే ప్లగిన్ ఉంది, అది తానే చిటిక పంపి లెక్క చెబుతుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూస్తే సంగతి బుర్రకెక్కుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన గొంతును వచ్చినచోటే వదిలేయదు. "నా ఆలస్యం ఇంత" అని డ్రైవర్ చెప్పిన అంకెను నమ్మి, రికార్డయినదాన్ని అంత వెనక్కి జరిపి పెడుతుంది. కాబట్టి ఈ జరుపుడు ఆపి కొలిస్తే మొత్తం ఆలస్యం తెలుస్తుంది. జరుపుడు ఉంచి కొలిస్తే, డ్రైవర్ చెప్పిన అంకెకు, నిజానికి మధ్య తేడా తెలుస్తుంది. రెండూ కొలవాలి.

మా గదిలో మామూలు డ్రైవర్‌తో, జరుపుడు ఉన్నా కూడా, చిటిక 3,984 శాంపిళ్లు వెనక పడింది. అంటే 83 మిల్లీసెకన్లు. తబలా తమ్ముడి చేయి ఏ తప్పూ చేయలేదు. డ్రైవర్ చెప్పిన లెక్కే తప్పు. ఏఎస్ఐఓ డ్రైవర్‌కు మార్చి, 1,024 బఫర్‌తో, జరుపుడు ఆపి కొలిస్తే రానుపోను 2,352 శాంపిళ్లు, సరిగ్గా 49 మిల్లీసెకన్లు. జరుపుడు పెట్టాక మిగిలిన తేడా 192 శాంపిళ్లు, 4 మిల్లీసెకన్లు. ఆ 192ను రీపర్ రికార్డింగ్ సెట్టింగులలో ఉన్న గడిలో రాస్తే, చిటిక వచ్చి గీత మీద కూర్చుంది. ఆడాసిటీ వాడేవాళ్లు ఒకటి గమనించండి. అందులో ముందే మైనస్ 130 మిల్లీసెకన్లు అని ఒక అంకె వేసి ఉంటుంది. అది మీ యంత్రాన్ని చూసి వేసిన అంకె కాదు. కొలిచి మీ అంకె మీరు వేసుకోవాలి.

ఇది కంప్యూటర్లతో పుట్టిన చిక్కు కాదు. టేపు కాలంలోనూ ఉండేది. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్ ఒకచోట, వినిపించే హెడ్ దాని తర్వాత ఇంకోచోట ఉండేవి. టేపు సెకనుకు 15 అంగుళాలు నడిస్తే, ఆ రెంటి మధ్య ఒకటిన్నర అంగుళం ఎడం ఉన్నా సెకనులో పదోవంతు తేడా. పాత పాట వింటూ కొత్త గొంతు కలిపితే అంత వెనకబడేది. 1950లలో అమెరికాలోని ఆంపెక్స్ కంపెనీలో రాస్ స్నైడర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. రికార్డు చేసే హెడ్‌తోనే పాత ట్రాకులను కూడా వినిపించాడు. వినేచోటు, రాసేచోటు ఒకటయ్యాయి. 1957లో గిటార్ విద్వాంసుడు లెస్ పాల్ ఇంటికి చేరిన ఎనిమిది ట్రాకుల యంత్రంలో ఉన్నది ఈ ఉపాయమే.

జరుపుడు సరిచేశాక, పాత పాటల వదులు పోయింది. కానీ అక్క సంగతి దానితో తీరేది కాదు. రికార్డు ఎక్కడ పడిందన్నది ఒక ఆలస్యం. పాడుతున్న క్షణంలో తన గొంతు తన చెవికి ఎప్పుడు చేరిందన్నది రెండో ఆలస్యం. మొదటిదాన్ని తర్వాత జరిపి సరిచేయవచ్చు. రెండోది పాడే మనిషి మీదే పడుతుంది, తర్వాత జరిపేందుకు ఏమీ ఉండదు.

ఎంతో బతిమాలితే, ఒక శనివారం సాయంత్రం ఆమె మా గదికి వచ్చారు. ఒకే చరణం మూడు విధాలుగా పాడమన్నాం. మొదటిసారి డైరెక్ట్ మానిటర్ పెట్టాం. అంటే మైకులోని గొంతు కంప్యూటర్‌లోకి పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా చెవికి వస్తుంది. చరణం మొత్తం తాళం మీదే ఉంది, ఒక మాట కొంచెం ముందు, ఒక మాట కొంచెం వెనక, మనుషులు పాడినట్టు. రెండోసారి గొంతును కంప్యూటర్ గుండా తిప్పి, 1,024 బఫర్‌తో, చప్పుళ్లు శుభ్రం చేసే ఒక ప్లగిన్ కూడా పెట్టి వినిపించాం. ఆ ప్లగిన్ ఒక్కటే ఇంకో 2,048 శాంపిళ్లు పట్టి ఉంచుకుంటుంది. మొత్తం కలిపి దాదాపు 92 మిల్లీసెకన్లు. ఈసారి మొదటి మాట సరిగ్గానే పడింది. రెండో మాటకు కొంచెం లాగింది. చరణం చివరికి వచ్చేసరికి అందరికీ తెలిసేంత వెనకబడింది. మూడోసారి మళ్లీ డైరెక్ట్ మానిటర్ పెట్టాం. పాట మళ్లీ తాళం మీదికి వచ్చేసింది.

ఏం జరిగిందక్కా అని అడిగితే ఆమె చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ అంత తేటగా లేదు. "నా గొంతే నాకు ఎనకనుంచి వస్తాంది అయ్యగారూ. ఎనక ఎవరన్నా వస్తాంటే మనం నిలబడి సూస్తాం గదా, అట్ల నిలబడినా" అన్నారు.

1950లో బెర్నార్డ్ లీ అనే అమెరికా పరిశోధకుడు ఇదే సంగతిని మాట మీద పరీక్షించి ప్రచురించాడు. చక్కగా చదివేవాళ్లకు హెడ్‌ఫోన్లలో వాళ్ల మాటే కొంచెం ఆలస్యంగా వినిపిస్తే, నెమ్మదిస్తారు, తడబడతారు, కొందరు నత్తివాళ్లలా ఆగిపోతారు. ఆలస్యం సెకనులో ఐదోవంతు దగ్గర, అంటే సుమారు 200 మిల్లీసెకన్ల దగ్గర, ఈ తడబాటు అన్నిటికన్నా ఎక్కువ. పండుగ సభల్లో, దూరపు హారన్ స్పీకరులోంచి తమ మాటే తిరిగొస్తుంటే ప్రసంగీకులు తడబడడం మనలో చాలామంది చూసిందే. ఆ స్టూడియోలో ఆ రోజు ఆమె చెవికి ఎంత ఆలస్యం చేరిందో అక్కడ ఎవరూ కొలవలేదు. ఆమె తాళాన్ని మాత్రం తూచేశారు. మా గదిలో రెండూ కొలిచాం. నేరుగా వింటే నిలిచిన తాళం, ఆలస్యంగా వింటే జారింది. మనిషి ఒక్కరే, పాట ఒక్కటే, మారింది దారి.

ఇప్పుడు మా గదిలో పాటిస్తున్న పద్ధతి రాస్తున్నాం. గొంతు పాడేటప్పుడు డైరెక్ట్ మానిటర్. అది లేని ఇంటర్‌ఫేస్ అయితే బఫర్ 128. మా ల్యాప్‌టాప్‌లో 128 దగ్గర రానుపోను 560 శాంపిళ్లు, 11.7 మిల్లీసెకన్లు. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న మనిషి పాట వింటున్నట్టు. 64కు దించితే పటపటలు వచ్చాయి, కాబట్టి దించలేదు. పాడేటప్పుడు ఆలస్యం చేసే ప్లగిన్లు అన్నీ ఆపేస్తాం. మిక్సింగ్ చేసేటప్పుడు బఫర్ మళ్లీ 1,024కు పెంచుతాం, అప్పుడు ఎవరూ పాడటం లేదు కాబట్టి ఆలస్యంతో నష్టం లేదు. హెడ్‌ఫోన్లలో ఒక చెవి తీసి పాడేవాళ్లను అలాగే పాడనిస్తాం. తమ గొంతు గాలిలో వినాలనే వాళ్ల కోరిక సరైనదే. డ్రైవర్ మార్చినా, శాంపిల్ వేగం మార్చినా, వేరే ఇంటర్‌ఫేస్ పెట్టినా మళ్లీ కేబుల్ తగిలించి కొలుస్తాం. నిన్నటి అంకె నేటి సెట్టింగుకు చెల్లదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాడి పంపే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఒక్క సంగతి వినండి. వాటిలో ఆలస్యం మామూలుగా నూరు మిల్లీసెకన్లు దాటుతుంది, రెండు వందలు దాటేవీ ఉన్నాయి. అంటే మనిషి ఎక్కువగా తడబడే చోటికే అవి తీసుకెళతాయి. పాటలు వినడానికి అవి బాగుంటాయి. పాడి రికార్డు చేయడానికి తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే వాడండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరం మూసినప్పుడు ఫోన్లలో కలిసి పాడబోయి ఎంత గందరగోళపడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. పల్లవి ఒకరు అందుకుంటే ఇంకొకరు రెండు మాటలు వెనక, ఇంకొకరు నాలుగు మాటలు వెనక. చివరికి ఒకరు పాడాలి, తక్కినవాళ్లు మైకు ఆపుకోవాలి అని పెట్టుకున్నాం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం ఇద్దరు మనుషులను వేరువేరు గదుల్లో ఉంచి, మధ్యలో ఆలస్యం పెట్టి చప్పట్లు కొట్టించింది. 2004లో వాళ్లు చెప్పిన ఫలితం, ఆలస్యం సుమారు 11.5 మిల్లీసెకన్లు దాటితే చప్పట్లు నెమ్మదిస్తాయి, అంతకన్నా తగ్గితే వేగమవుతాయి. ఎదుటివాడి కోసం ఆగడం మనిషి స్వభావంలోనే ఉంది. ఆ ఆగడాన్నే మనం తాళం రాకపోవడం అనుకుంటున్నాం.

ఇప్పుడు పాట జోలికి పోనివాళ్లతో ఒక మాట. శెనక్కాయ మూటలు తూకానికి తీసుకెళ్లిన రైతు మూట పెట్టకముందే ఏం చూస్తాడు? ఖాళీ కాటా సున్నా చూపుతోందా లేదా అని చూస్తాడు. మూట లేకుండానే రెండు కిలోలు చూపే కాటా మీద ఎంత నాణ్యమైన కాయ పెట్టినా లెక్క తప్పే. మేము కేబుల్ తగిలించి, మనిషి లేకుండా కొలిచింది ఆ ఖాళీ కాటానే. సామెతల గ్రంథం 11వ అధ్యాయంలో దొంగ త్రాసు గురించి, ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో సంచిలో దాచుకునే రెండు రకాల తూనికరాళ్ల గురించి ఎంత కఠినంగా రాసి ఉందో తీసి చదవండి. అవి అంగడివాళ్ల కోసమే రాసిన మాటలని అనుకోవద్దు. మనం మనుషులను కూడా రోజూ తూస్తూనే ఉంటాం.

మన సండే స్కూల్లో ఒక పిల్లాడు ప్రతి ప్రశ్నకూ ఆలస్యంగా జవాబు చెబుతాడు. మందబుద్ధి అని తోటి పిల్లలు నవ్వుతారు. ఇంట్లో వాళ్లది కన్నడ, ఇక్కడ మనం అడిగేది తెలుగు. ప్రశ్న తెలుగులో లోపలికి పోయి, కన్నడలో జవాబు దొరికించుకొని, మళ్లీ తెలుగులో బయటికి రావాలి. అది రానుపోను ప్రయాణం. అదే ప్రశ్న కన్నడలో అడిగితే మనం ముగించకముందే చెబుతాడు. ఆరాధనకు రోజూ ఆలస్యంగా వచ్చే పాలమ్మే అక్క ఆలస్యం ఆవు దగ్గర మొదలై, పాల కేంద్రం దగ్గర వరసలో పెరిగి మన గడప దగ్గర కనబడుతుంది. మనం చూసేది గడప దగ్గరి లెక్క ఒక్కటే.

అయితే కొలిస్తే అందరూ నిర్దోషులని తేలుతుందని కాదు. మా యంత్రం సరిచేశాక కూడా, వేగం పాటల్లో తబలా తమ్ముడు పదిహేను మిల్లీసెకన్లు ముందుకు ఉరుకుతున్నాడని అదే స్క్రీన్ చూపించింది. అది అతని చేతిదే. అతను నవ్వి ఒప్పుకున్నాడు, రోజూ అరగంట క్లిక్కుతో సాధన చేస్తున్నాడు. యంత్రం లెక్క ముందు తీసేశాం కాబట్టి, మిగిలింది తనదని అతనికి బాధ లేకుండా తెలిసింది. కొలత లేని మాట మనిషిని కుంగదీస్తుంది. కొలిచి చెప్పిన మాటతో మనిషి సాధనకు కూర్చుంటాడు.

పోయిన నెల పాటల్లో మీరు విన్న గొంతు ఆ అక్కదే. మందిరంలో మాత్రం ఆమె ఇంకా రెండో వరసలోనే కూర్చుంటున్నారు. ఆమెను ఎవరూ తొందరపెట్టవద్దు. ఏళ్ల తరబడి లోపల నిలిచిపోయిన మాటను ఏ గడిలో అంకె రాసి జరపలేం. పాట ఎత్తుకునే చోటు ఆమె కోసం ఖాళీగా ఉంచుదాం.

రికార్డింగ్ పెట్టుకున్న సంఘాల తమ్ముళ్లు శనివారం సాయంత్రం మా గదికి రావచ్చు. మీ ల్యాప్‌టాప్, మీ ఇంటర్‌ఫేస్, ఒక పొట్టి కేబుల్ తెచ్చుకోండి. బ్యాటరీ మీద నడిస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు నెమ్మదించి పటపటమంటాయి కాబట్టి చార్జర్ కూడా తెచ్చుకోండి, కరెంటు ఉంటుందని ఆశిద్దాం. అరగంటలో మీ అంకె మీకు రాసిస్తాం. దాన్ని గోడ మీద అంటించుకోండి. ఆ తర్వాత పాడేవాళ్లను పిలవండి.

మీ ఇళ్లలోనూ పొలాల్లోనూ దేవుని సమాధానం ఉండును గాక. ఆమేన్.